గుహాబాబు అడగని ప్రశ్న

మొన్న వానలో సంత్రాగాఛి నుంచి హౌరా వెళ్ళే లోకల్ రైల్లో నా పక్కన కూర్చున్న పెద్దాయన సంచిలోంచి పాత రెయిన్‌కోటు తీసి విప్పాడు. ఏడాదిగా మడతల్లో మగ్గిన రబ్బరు వాసన గుప్పుమంది. చుట్టుపక్కలవాళ్ళు ముక్కు చిట్లించారు. నాకు మాత్రం ఎవరో మోచేతి పైన పట్టీ చుట్టి బిగించినట్టు అనిపించింది. లిలువాలో డాక్టర్ పరితోష్ గుహా గారి దగ్గర బీపీ చూసే పాత పరికరం ఒకటి ఉండేది. దాని పట్టీ, గాలి కొట్టే బుడ్డీ సరిగ్గా ఇదే వాసన వేసేవి. గాజు గొట్టంలో పాదరసం పైకి పాకుతుంటే రోగి కన్నా ముందు ఆయనే ఊపిరి బిగపట్టేవారు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన గురించి రాయాలని ఎన్నోసార్లు అనుకుని మానేశాను. రాస్తే పొగడ్త అయిపోతుందేమోనని జంకు. పొగడ్త ఆయనకు పడదు, నాకు చేతకాదు.

మా నాన్న లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. మా క్వార్టర్ల వరుసలో సగం మంది అటువాళ్ళే. బెంగాల్లో డాక్టరు రోగుల్ని చూసే గదిని చేంబర్ అంటారు. గుహాబాబు చేంబర్ వర్క్‌షాపు గేటుకు కూతవేటు దూరంలో, ఒక మిఠాయి కొట్టు పక్కన ఉండేది. ఆయన ఢాకా నుంచి వలస వచ్చిన బెంగాలీల బిడ్డ. తెలుగు రోగుల దగ్గర తెలుగు నేర్చుకున్నారు కనుక ఆయనకు వచ్చిన తెలుగు మా తెలుగే. "ఏటమ్మా, ఏటయినాది? నాలిక సూపించు" అనేవారు. ఆడపిల్లల్ని మావాళ్ళు గుంట అనడం విని, అదేదో మర్యాద మాట అనుకుని, నేను ఎంబీబీయెస్ ముగించి ఆయన దగ్గర పనికి చేరిన రోజున అందరికీ "మా గుంట డాక్టర్" అని పరిచయం చేశారు. ఆ పేరు నాకు పెళ్ళయ్యాక కూడా వదల్లేదు.

ఒకసారి హైదరాబాద్ నుంచి బదిలీ మీద వచ్చిన రైల్వే ఆఫీసరొకరు ఆయన తెలుగు విని పడీ పడీ నవ్వారు. ఆయన వెళ్ళాక గుహాబాబు నన్ను అడిగారు. మా ఇద్దరి మాటలూ బెంగాలీలోనే సాగేవి. "నేను తప్పు మాట్లాడానా?" "లేదు సార్, మీది మా ఊరి తెలుగు. ఆయనది వేరే ఊరిది." "అయితే ఆయన్నే నేర్చుకోమను," అని తరువాతి రోగిని పిలిచారు.

నేను చేరిన కొత్తలో ఆయన పద్ధతి నాకు ఒంటబట్టలేదు. అప్పట్లో జ్వరం వస్తే సూది, నీరసం అంటే సెలైన్, దగ్గితే యాంటీబయాటిక్. ఊరంతా అదే తంతు. రోడ్డుకు అవతల మరో డాక్టరు ఎర్రరంగు విటమిను కలిపిన సెలైన్ సీసాలు వరుసగా వేలాడదీసేవాడు. అక్కడ తిరునాళ్ళ జనం. మా దగ్గర బెంచీ మీద నలుగురు ఉంటే గొప్ప. గుహాబాబు ఏ మందైనా రాసేముందు నన్ను రెండు ముక్కలు అడిగేవారు: దీనివల్ల మేలు జరుగుతుందని ఎలా తెలుసు? ఇవ్వకపోతే ఏమవుతుంది? "అందరూ రాస్తారు సార్," అన్నానొకసారి. "అది అలవాటు. కారణం చెప్పు," అన్నారు. ఒళ్ళు మండింది. చదువు ముగించి వచ్చినా పరీక్షలు ముగియలేదేమిటని లోపల లోపల తిట్టుకున్నాను.

ఖిదిర్‌పూర్ ఓడరేవు డాక్‌లో బరువులు మోసే అప్పలస్వామి ఒక రోజు జలుబుతో అంత దూరం నుంచి వచ్చాడు. గుహాబాబు ఛాతీ విన్నారు, గొంతు చూశారు, జ్వరం చూశారు. సూది అక్కర్లేదన్నారు.

"అలగంటే ఎలగ బాబూ? రెండు బస్సులు మారి ఒచ్చినాను."

"సూది ఏస్తే ఏటవుతాది?"

"తగ్గుతాది."

"ఎయ్యకపోతే?"

అప్పలస్వామి తల గోక్కున్నాడు. "అదీ తగ్గిపోద్దనుకో. గానీ సూది లేకపోతే డాక్టరుకాడికి ఎల్లినట్టుండదు గదా."

గుహాబాబు కడుపుబ్బా నవ్వారు. నవ్వి ఊరుకోలేదు. జలుబు దాని దారిన అది ఎలా పోతుందో, ఈలోపల ఏం తాగాలో, ఏం తినాలో చెప్పారు. ఊపిరి ఎగపోసినా, జ్వరం విడవకపోయినా, గుక్కెడు నీళ్ళు దిగకపోయినా ఆ పూటే రమ్మన్నారు. ఆ మాటలు అప్పలస్వామి చేత తిరిగి చెప్పించుకున్నారు. మందు రాయడానికి అర నిమిషం చాలు. ఎందుకు రాయడం లేదో చెప్పడానికి పావుగంట పట్టేది. ఆ పావుగంటే ఆయన వైద్యం. అప్పలస్వామి బయటికి వెళ్ళి తిన్నగా రోడ్డు దాటి అవతలి డాక్టరు దగ్గరికి వెళ్ళడం కిటికీలోంచి ఇద్దరం చూశాం. "ఎల్లనీ. ఊపిరి ఎగపోస్తే రావాలని ఆడికి తెలుసు," అన్నారు తెలుగులోనే.

ఆయనకు పోస్టులో వైద్య పత్రికలు వచ్చేవి. కరెంటు పోయి ఫ్యాను ఆగితే అదే పత్రికతో విసురుకుంటూ చదివేవారు. బంద్ రోజున ట్రాములూ బస్సులూ లేకపోయినా నడిచి వచ్చి తలుపు తీసేవారు. జ్వరానికి ఏ పార్టీ పిలుపూ వినబడదని ఆయన మాట. పసిపిల్లల విరేచనాలు కట్టడానికి ఏళ్ళ తరబడి రాసిన మందొకటి వాళ్ళకు మేలు చేయకపోగా ప్రాణం మీదికి తెస్తుందని ఒకనాడు చదివారు. మర్నాటి నుంచి వచ్చిన ప్రతి తల్లితోనూ అదే మాట: "ఇన్నాళ్ళూ ఆ మందు నానే రాసేను. తప్పు రాసేను. ఇంట్లో సీసా ఉంటే పారబోసీ. గంజిలో ఉప్పేసి తాగించు, పాలు మాన్పకు." మావాళ్ళలో కడుపు జారితే కడుపు మాడ్చాలని నమ్మకం, అందుకే ఆ చివరి మాట. ఇలా ఊరంతా చాటుకుంటే మీ మీద నమ్మకం పోదా సార్ అని అడిగాను. "పోతే పోనీ. పిల్లాడు పోకూడదు," అన్నారు. నాకు ఆయన మీద గురి కుదిరింది ఆ రోజునే.

ఇక మా అమ్మ సంగతి. పేరు మరియమ్మ. మాట పట్టిందంటే మొసలి పట్టే. ఆమెకు ప్రెషర్ ఉందని గుహాబాబే కనిపెట్టి రోజూ ఒక మాత్ర వేసుకోమన్నారు. బెంగాల్లో బీపీని ప్రెషర్ అంటారు, మేమూ అలాగే అంటాం. మాత్రతో ప్రెషర్ చక్కగా దిగింది. అమ్మ మాత్రం మాత్రతో పాటు ప్రార్థన కూడా చేసింది. మా తెలుగు సంఘంలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తమకు చేసిన మేలును ఎవరైనా లేచి నిలబడి చెప్పవచ్చు. ఒక ఆదివారం అమ్మ లేచింది. "ప్రభువు నా ప్రెషర్ తీసీసినాడు. ఇప్పుడు మాత్రలు కూడా మానీసినాను," అంది. అందరూ స్తోత్రం అన్నారు. మా సంఘంలో పాట ఎత్తే ఎస్తేరమ్మ వెంటనే ఒక స్తుతిపాట అందుకుంది. ఆమె గొంతు ఎత్తితే వెనక బెంచీల్లో కునికిపాట్లు పడేవాళ్ళు కూడా సర్దుకుని కూర్చునేవారు. నేను మాత్రం పాట పుస్తకం వంక గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాను.

ఇంటికి వచ్చాక యుద్ధం.

"నీ ప్రెషర్ మాత్రవల్ల తగ్గిందమ్మా."

"మాత్ర ఎవులిచ్చినారు?"

"గుహాబాబు."

"గుహాబాబుని ఎవులిచ్చినారు?"

"సరే, దేవుడే ఇచ్చాడు. అయితే ఆ మాత్రే మింగు."

"అంతమంది ముందు నిలబడి సెప్పీసినానే. ఇప్పుడు మింగితే ఏటవుతాది? దేవుణ్ణి అబద్ధికుణ్ణి సేసినట్టు కాదేటి?"

అరిచాను, ఏడ్చాను, రెండు పూటలు అన్నం మానేశాను. మా అమ్మమ్మ పక్షవాతంతోనే పోయిందని గుర్తు చేశాను. అమ్మ చలించలేదు. సిగ్గు విడిచి గుహాబాబుకు చెప్పాను. ఆయన కోప్పడతారనుకుంటే, ఆమె సరిగ్గా ఏ మాటలు అందో చెప్పమన్నారు. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, టీ తాగి, అమ్మతో బేరం పెట్టారు.

"మరియమ్మా, నీ దేవుడు తగ్గించినాడో, నా మాత్ర తగ్గించినాదో నాకు తెలీదు. నీకూ తెలీదు. రెండు వారాలు మాత్ర ఒద్దు. రోజూ పొద్దున్న నా కాడికి రా, ప్రెషర్ సూస్తాను. పెరగలేదనుకో, నాను మీ సర్చికి ఒచ్చి నిలబడి, మరియమ్మకి మాత్ర అక్కర్లేదని అందరి ముందు సెప్తాను. పెరిగిందనుకో?"

అమ్మ ఖాళీ టీ గ్లాసు ఆయన ముందు నుంచి తీసింది. "పెరిగితే మింగుతాను. మాట మాటే."

ఆయన్ను సాగనంపడానికి వీధి చివరి దాకా వెళ్ళి నిలదీశాను. ఈ రెండు వారాల్లో ఏదైనా అయితే? "ఆవిడ ఇప్పటికే మానేసింది. ఇన్నాళ్ళూ చూసేవాళ్ళు లేరు, ఇప్పుడు ఉంటారు. ఉన్నట్టుండి మానితే ఎదురు తిరిగే రకం మందు కాదది. హద్దు దాటితే ఆ రోజే ఆపుతాను. నువ్వు వాదించి గెలిచినా ఆవిడ మాత్ర మింగదు. తన కళ్ళతో చూస్తే మింగవచ్చు," అన్నారు. చర్చిలో నిజంగా నిలబడతారా అని అడిగాను. ఆయనకు దేవుడి మీద నమ్మకం లేదని లిలువా అంతటికీ తెలుసు. "పెరగకపోతే నిలబడాలి కదా. లేకపోతే ఎందుకు కొలవడం?" అన్నారు.

మొదటి రోజుల్లో పాదరసం అమ్మ పక్షానే ఉంది. ఆమె విజయగర్వంతో ఇంటికి వచ్చి నాకు టీ పెట్టి ఇచ్చేది. నేను దాన్ని అలాగే పక్కన పెట్టేదాన్ని. విచిత్రం ఏమిటంటే గుహాబాబు మొహంలో చిరాకు లేదు. ఓడిపోవడానికి సిద్ధపడి ఆడే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. తరువాత అంకె కదలడం మొదలైంది. ఒక పొద్దున్న బాగా పైకి పోయింది. "ఇంకోపాలి సూడు," అంది అమ్మ. చూశారు. రెండో చేతికి చూశారు. "నీ మిషిను పాడైపోనాదేమో." ఆయన నవ్వకుండా మరో పరికరం తెప్పించి దాంతోనూ చూశారు. అమ్మ గాజు గొట్టం వంక చూసి, జాకెట్టు చెయ్యి సర్దుకుని, "ఇయ్యి మాత్ర," అంది.

అలా వేసుకోవడం మళ్ళీ మొదలుపెట్టింది. అయితే ఎవరి కంటా పడకుండా వంటింట్లో బియ్యం డబ్బా వెనక నిలబడి మింగేది. సంఘంలో ఆమె సాక్ష్యం అలాగే నిలిచి ఉంది, దాన్ని ఎవరూ కదపలేదు. ఇంట్లో ఒక మనిషి ప్రాణం కుదుటపడిందన్న సంబరంలో నేను ఆ సంగతి పట్టించుకోలేదు. గుహాబాబు కూడా పట్టించుకోలేదు.

తరువాత కొద్దికాలానికే ఒక తెల్లవారుజామున వీధి కుళాయి దగ్గర ఎస్తేరమ్మ చేతిలోంచి బిందె జారిపోయింది. వంగి తీసుకోబోయి, కుడిచెయ్యి లేవక, అక్కడే కూలబడింది. పరుగెత్తి వెళ్ళేసరికి మూతి ఒక పక్కకు ఒరిగి ఉంది. ఆమెకూ ప్రెషర్ ఉంది, ఆమెకూ గుహాబాబే మాత్ర రాశారు. ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యానులో ఆమె కోడలు నా చెయ్యి పట్టుకుంది. "మీ అమ్మ సాచ్చెం సెప్పిన కాడినించీ మాయత్త కూడా మానీసింది. మరియమ్మకి ఉన్నపాటి నమ్మకం నాకు లేదేటి అన్నాది." ఇంటికి వచ్చి ఈ మాట అమ్మకు చెప్పవలసి రావడం నా జీవితంలో అతి కష్టమైన పని. అమ్మ ఏడవలేదు. నేల మీద కూర్చుని, "నాను మింగుతున్నానని దానికి సెప్పలేదు," అని అదే మాట పది సార్లు అంది.

గుహాబాబు విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "మీ అమ్మను అన్నీ అడిగాను. ఆ మాట విన్నవాళ్ళ సంగతి అడగలేదు."

"మీకెలా తెలుస్తుంది సార్?"

"అడిగితే తెలిసేది. ఆ చర్చిలో సగం మందికి మందు రాసేది నేనే. నాకు తట్టకపోతే ఇంకెవరికి తట్టాలి?" ఓదార్చబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఆదివారం ఆరాధన ఎన్ని గంటలకు అని అడిగారు.

ఆ ఆదివారం ఆయన ధోవతి కట్టుకుని వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. సాక్ష్యాల సమయంలో అమ్మ లేచింది. ముందు బెంచీని రెండు చేతులతో పట్టుకుని, "నాకు ప్రెషర్ తగ్గలేదు. నాను మాత్ర ఏసుకుంటన్నాను. ఎస్తేరుకి సెప్పలేదు. అదీ నా సాచ్చెం," అని కూర్చుంది. ఎవరూ స్తోత్రం అనలేదు. గుసగుసలు మొదలయ్యాయి. ఒకామె అమ్మ పక్కనుంచి జరిగి కూర్చోవడం చూశాను. ఆ క్షణంలో ఆ మనిషిని కొట్టాలనిపించింది. అప్పుడు వెనక గుహాబాబు లేచారు.

"నాకు దేవుడి సంగతి తెలీదు. మందు సంగతి కొంచెం తెలుసు. మరియమ్మ మాత్ర మానీసినాదని నాకు తెలుసు. అది మీ అందరి ముందు సెప్పినాదనీ తెలుసు. ఇంకా ఎవులు మానీసినారని నాను అడగాల. అడగలేదు. ఎస్తేరమ్మ నా పేషెంటు. మరియమ్మని ఏటీ అనకండి. తప్పు నాది. ఇప్పుడు అడుగుతున్నాను. ఇంకా ఎవులు మానీసినారు?"

తరువాత ఆడవాళ్ళ వైపు నుంచి ఒక చెయ్యి లేచింది. దాని వెనక ఇంకొకటి. మగవాళ్ళ వైపు నుంచి రెండు. ఆఖరున, ఆరాధన బల్ల ముందు నిలబడిన పాస్టరయ్యగారు, తెల్ల జుబ్బా చెయ్యి సర్దుకుంటూ, తన చెయ్యి కూడా సగం ఎత్తారు. గుహాబాబు ఒక్కొక్కరినీ చూసి తల ఊపారు. ఆ మధ్యాహ్నం వాళ్ళందరినీ చేంబర్‌కు నడిపించుకు వెళ్ళి మేమిద్దరం ప్రెషర్ చూశాం. మిఠాయి కొట్టువాడు బయటికి వచ్చి చిత్రంగా చూస్తూ నిలబడ్డాడు.

ఎస్తేరమ్మ బతికింది. కుడి పక్క చచ్చుబడి, మాట మూలుగుగా మిగిలింది. పాట మళ్ళీ ఎత్తలేదు. ఆమె స్థానంలో సంఘం ఒక కుర్ర గొంతును నిలబెట్టింది గాని, మా అమ్మ ఆ తరువాత బతికినన్నాళ్ళూ పాట పాడే వేళకు నోరు మూసుకునే ఉండేది. రోజూ సాయంత్రం వెళ్ళి ఎస్తేరమ్మకు అన్నం కలిపి పెట్టేది. గుహాబాబు వారం వారం వెళ్ళి చూసేవారు. ఒకసారి ఆయన మంచం పక్కన కూర్చుని, "నానొచ్చి అడగాల్సింది తల్లీ," అన్నారు. ఆమె ఎడమ చేత్తో ఆయన చెయ్యి తీసి, బీపీ పట్టీ చుట్టాల్సిన తన చేతి మీద పెట్టుకుంది. క్షమించిందో, పని కానిమ్మందో నాకు తెలియదు. ఆయన పట్టీ చుట్టారు.

ఇప్పుడు సంత్రాగాఛిలో నాకూ ఒక చేంబర్ ఉంది. మందు ఎందుకు రాయాలో, ఎందుకు రాయకూడదో చెప్పే పుస్తకాలు ఆ రోజుల్లో కన్నా ఎక్కువే ఉన్నాయి, చదువుతూనే ఉన్నాను. వాటిలో లేని ఒక ప్రశ్న మాత్రం ఆయన నుంచి వచ్చింది. ఎవరైనా మందు మానేశామంటే నేను తిట్టను. ఎందుకు మానారో అడుగుతాను. ఆ తరువాత, ఈ సంగతి ఇంకెవరితో చెప్పారని అడుగుతాను. పోయిన వారం ఒకామె వచ్చింది. కాకరకాయ రసం తాగి షుగరు మాత్రలు మానేసిందట. ఒంట్లో హాయిగా ఉందట. చూస్తే షుగరు చుక్కలంటుతోంది. ఎవరితో చెప్పావమ్మా అన్నాను. సిగ్గుపడుతూ, విశాఖపట్నంలో ఉన్న తోడికోడలితో చెప్పానంది. ఆవిడా మాత్రలు వేసుకుంటుందా? వేసుకుంటుంది, ఇన్సులిన్ కూడా. ఆవిడా మానేసిందా? ఏమో తెలియదంది. ఫోను తియ్యి, ఇక్కడే, నా ముందే చెయ్యి అన్నాను. బయట బెంచీ మీద వాళ్ళు ఆలస్యమవుతోందని గొణుగుతున్నారు. ఆమె నంబరు నొక్కి ఫోను చెవికి ఆనించుకుంది. అవతల మోగుతోంది. ఎత్తేదాకా నేను ఆమె మొహం వంకే చూస్తూ కూర్చున్నాను.